హద్దు కలిపి కాస్తే లెక్క ఎవరికి చెప్పాలి? పార్లమెంటుకా, కోర్టుకా?

పానగల్ మాస్టారు (నల్లగొండ), ఆదివారం ఉదయం 7:10

ఆరేళ్లుగా తొలుస్తున్న ప్రశ్న ఇది. ఇవాళ ఇక్కడ పెడుతున్నాను.

2019లో మా బావ, అంటే మేనమామ కొడుకు, కూతురి కాన్పుకని నెదర్లాండ్స్ పోదామని వీసా పెట్టుకున్నాడు. దేవరకొండలో చిన్న ఎరువుల దుకాణం ఆయనది. పోలీస్ స్టేషన్ గడప తొక్కింది ఒకే ఒక్కసారి, అదీ పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు. వీసా రాలేదు. చేతికిచ్చిన కాగితం మీద వరసగా గళ్లు, ఒక గడిలో టిక్కు. "సభ్య దేశాల్లో ఒకటో, అంతకన్నా ఎక్కువో మిమ్మల్ని ముప్పుగా భావిస్తున్నాయి" అని దాని అర్థం. ఏ దేశమో రాయలేదు, ఎందుకో రాయలేదు. యూరియా అమ్మేవాడి వల్ల ఏ దేశానికి ముప్పో మాకు ఈరోజుకీ అంతుబట్టలేదు.

ఆ టిక్కు ఎక్కడి నుంచి పుట్టిందా అని చదవడం మొదలుపెట్టాను. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే ఊరి దగ్గర, మొసెల్ నది మీద పడవలో కూర్చుని ఐదు దేశాలు సంతకాలు పెట్టాయి. తమ మధ్య హద్దుల మీద తనిఖీలు ఎత్తేద్దాం, బయటి హద్దును కలిసి కాద్దాం అని. తనిఖీలు నిజంగా ఆగింది 1995 మార్చిలో. ఆ పదేళ్లలో నిబంధనలన్నీ మంత్రులూ అధికారులూ మూసిన తలుపుల వెనక రాసుకున్నారు. ఇవాళ అందులో 29 దేశాలున్నాయి. ఒక దేశం పోలీసు కంప్యూటర్‌లో పేరు ఎక్కిస్తే మిగతా 28 దేశాల్లోనూ తలుపు మూసుకుంటుంది.

నా వాదన సూటిగా చెబుతాను. ఒక దేశం తన పోలీసు అధికారాన్ని ఇంకొక దేశంతో పంచుకుంటే, ఆ ఒప్పందం ముందు పార్లమెంటుకు రావాలి. సంతకం అయ్యాక వచ్చి లాభం లేదు. మన పోలీసు తప్పు చేస్తే మన ఎమ్మెల్యేని పట్టుకుని అడుగుతాం, వాడు అసెంబ్లీలో అడుగుతాడు. ఇరవై తొమ్మిది మంది కలిసి చేస్తే ఎవడి చొక్కా పట్టుకోవాలి?

పాత సీఐ (మహబూబ్‌నగర్), ఆదివారం ఉదయం 8:25

మాస్టారూ, నమస్తే. మీ బావగారికి జరిగింది బాధగానే ఉంది. అయితే ఒక్క టిక్కు కోసం మొత్తం వ్యవస్థను పార్లమెంటు గుమ్మం ముందు నిలబెట్టడం నాకు నచ్చలేదు.

నేను ఎస్సైగా నడిగడ్డలో చేశాను. తెలియనివాళ్లకు చెబుతున్నా: కృష్ణ, తుంగభద్రల నడుమ ఉండే గద్వాల, అలంపూర్ ప్రాంతం అది. అటు పోతే రాయచూర్, ఇటు పోతే కర్నూలు. బైకు ఎత్తుకుపోయినవాడికి అరగంట చాలు, ఇంకో జిల్లా, ఇంకో భాష, ఇంకో స్టేషన్. అయినా పట్టుకోగలిగాం. ఎందుకంటే పాత సీఆర్‌పీసీ 48వ సెక్షన్ ప్రకారం దొంగను తరుముతూ దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. ఆ తర్వాత లోకల్ మేజిస్ట్రేట్ దగ్గర ట్రాన్సిట్ రిమాండ్ తీసుకుని తెచ్చుకుంటాం.

దేశాల మధ్య ఆ సౌకర్యం లేదు. 1990లో రాసుకున్న షెంగెన్ అమలు ఒప్పందంలో 40, 41 అధికరణాలు చేసిన పని అదే. ఒకటి హద్దు దాటి నిఘా పెట్టడానికి, ఇంకొకటి తరుముకుంటూ పోవడానికి. ఎంత దూరం పోవచ్చో, పట్టుకోవచ్చో లేదో కూడా రాసుకున్నారు. దొంగ బ్రిడ్జి మధ్యలో ఉంటే ఎంపీలను సమావేశపరుస్తామా?

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. వేరే పోలీసు మనకు ఒక సమాచారం ఇస్తే, వాడి అనుమతి లేకుండా మూడో మనిషికి చూపించకూడదు. అది మా వృత్తిలో ప్రాణం లాంటి నియమం. ఎంపీల చేతికి ఇస్తాం అన్నరోజు అటువైపు నుంచి ఫోన్లు రావడం ఆగిపోతాయి.

దామరచర్ల వడ్లోడు (నల్లగొండ జిల్లా), ఆదివారం ఉదయం 9:02

షెంగెన్ సంగతి నాకు తెల్వదు సారూ. హద్దు సంగతి మాత్రం మాకు చెప్పొద్దు. వాడపల్లి బ్రిడ్జి మా ఊరికి దగ్గర. ఒకరోజు వడ్ల లారీ ఆపుతరు, ఇంకోరోజు మనుషులను ఆపుతరు. ఎవరి ఆర్డరంటే అటోడు ఇటోణ్ణి చూపిస్తడు, ఇటోడు అటోణ్ణి చూపిస్తడు.

2023 నవంబర్ 29 అర్ధరాత్రి సాగర్ డ్యాం మీద ఏమైందో గుర్తుందా? తెల్లారితే మన పోలింగ్. ఆంధ్రా పోలీసులు వచ్చి 26 గేట్లల్ల 13 గేట్ల కాడ ముళ్లకంచె వేసి, కుడి కాల్వకు నీళ్లు వదిలిన్రు. ఒకే డ్యాం మీద ఇద్దరు పోలీసులు ఎదురెదురు. తర్వాత కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ను దింపింది, కృష్ణా బోర్డు చూస్తదన్నరు. ఆ బోర్డుల ఉండేది ఇంజినీర్లు, ఆఫీసర్లు. వాళ్లను మన అసెంబ్లీ పిలువలేదు, వాళ్ల అసెంబ్లీ పిలువలేదు. రెండిళ్ల పాలేరు ఏ ఇంటి మాటా వినడు.

పానగల్ మాస్టారు, ఆదివారం ఉదయం 9:30

వడ్లోడన్నా, నేను రెండు పేజీల్లో చెప్పలేనిది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు.

డెన్‌హాగ్ చలి (మిర్యాలగూడ, ప్రస్తుతం నెదర్లాండ్స్), ఆదివారం మధ్యాహ్నం 1:15

మాస్టారూ, నేను ఉండే ఊళ్లోనే యూరోపోల్, అంటే యూరోపియన్ యూనియన్ ఉమ్మడి పోలీసు సంస్థ, ఆఫీసు ఉంది, రోజూ దాని పక్కనుంచే సైకిల్ మీద పోతాను. అందుకని రెండు విషయాలు సరిచేస్తాను.

మొదటిది, అక్కడ పార్లమెంటు అసలు లేదనడం తప్పు. 2009 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం యూరోపోల్ మీద యూరోపియన్ పార్లమెంటూ, దేశాల పార్లమెంట్లూ కలిసి కన్నేసి ఉంచాలని రాసింది. దాని ప్రకారం 2017 అక్టోబర్‌లో ఒక ఉమ్మడి పార్లమెంటరీ బృందం మొదలైంది. ఒక్కో దేశం పార్లమెంటు నుంచి నలుగురి దాకా, యూరోపియన్ పార్లమెంటు నుంచి పదహారు మంది దాకా వస్తారు. ఏడాదికి రెండుసార్లు కూర్చుని యూరోపోల్ అధిపతిని ఎదురుగా పెట్టుకుని అడుగుతారు. యూరోపోల్ అధికారికి ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదని కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. బలం వాడేది స్థానిక పోలీసే.

రెండోది, మంత్రులు అన్నీ వాళ్లే రాసుకోవడం షెంగెన్‌తో ఆగలేదు. ఈ కథ మీ వాదనకే పనికొస్తుంది. 2005 మేలో జర్మనీలోని ప్రూమ్‌లో ఏడు దేశాలు విడిగా ఒప్పందం చేసుకున్నాయి: డీఎన్‌ఏ, వేలిముద్రలు, బండి నంబర్లు ఒకరివి ఒకరు వెతుక్కోవచ్చని. మూడేళ్లు తిరిగేసరికి, 2008లో, దాన్నే యూరోపియన్ యూనియన్‌లోని అన్ని దేశాలకూ చట్టం చేశారు. అప్పుడు యూరోపియన్ పార్లమెంటుకు ఉన్నది సలహా చెప్పే హక్కే. వంట అయ్యాక ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. 2024లో ముఖాల ఫొటోలు కూడా చేర్చారు. ఆసారి మాత్రం పార్లమెంటు ఓటు తప్పనిసరి అయింది.

గ్రూప్స్ బ్యాచ్ (నాగర్‌కర్నూల్), ఆదివారం మధ్యాహ్నం 1:50

మేడం, చిన్న డౌట్. ఏడాదికి రెండుసార్లు కూర్చుని అడుగుతారు సరే, జవాబు నచ్చకపోతే ఏం చేస్తారు?

డెన్‌హాగ్ చలి, ఆదివారం మధ్యాహ్నం 2:04

ఏమీ చేయలేరు తమ్ముడూ. ఇంకో ప్రశ్న అడుగుతారు.

నల్లకోటు (నల్లగొండ బార్), ఆదివారం సాయంత్రం 5:40

ఆ జవాబు దగ్గరే నా వాదన మొదలవుతుంది. పార్లమెంటు మీద మాస్టారికి ఉన్న భక్తి నాకు లేదు. నెహ్రూ కన్నా రావి నారాయణరెడ్డి గారికి ఎక్కువ ఓట్లేసి 1952లో లోక్‌సభకు పంపిన జిల్లా మనది, ఆ గర్వం నాకూ ఉంది. కానీ మీ బావగారి టిక్కును తీసేది ఎంపీ కాదు, జడ్జి.

మీకు తెలిసిందో లేదో, సరిగ్గా మీ బావగారి కథే యూరప్ కోర్టులో తేలింది. ఈజిప్టులో ఉండే ఒకాయన నెదర్లాండ్స్‌లోని కాబోయే అత్తమామల్ని చూడటానికి వీసా అడిగాడు. సౌదీలో ఉండే సిరియా మనిషి ఇంకొకరు అడిగారు. ఇద్దరికీ డచ్ ప్రభుత్వం అదే టిక్కు పెట్టి కాదంది. ఒకరి విషయంలో అభ్యంతరం చెప్పింది హంగరీ, ఇంకొకరి విషయంలో జర్మనీ. ఇద్దరూ కోర్టుకెక్కారు. 2020 నవంబర్ 24న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది: అభ్యంతరం చెప్పిన దేశం పేరూ, కారణం సారాంశమూ తిరస్కరణలో చెప్పి తీరాలి, ఆ దేశంలో దాన్ని ఎలా సవాలు చేయాలో కూడా చెప్పాలి.

మీ బావగారు ఒక్క ఏడాది ఆగి దరఖాస్తు పెట్టుంటే దేశం పేరు తెలిసేది. ఆ మేలు చేసింది ఏ పార్లమెంటు? ఏదీ కాదు.

మన దగ్గర చూడండి. 2021 మేలో కరోనా రెండో వేవ్‌లో అలంపూర్ దగ్గర పుల్లూరు టోల్‌ప్లాజా కాడ, కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్స్ కాడ ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. హాస్పిటల్‌లో ముందే బెడ్ ఖాయం చేసుకున్న కాగితం ఉంటేనే రానిస్తామన్నారు. ఏ అసెంబ్లీ కూర్చుంది? హైకోర్టు ఆ సర్క్యులర్‌ను నిలిపేసింది, బండ్లు కదిలాయి.

పాత సీఐ, ఆదివారం సాయంత్రం 6:15

వకీలు సాబ్‌తో నేను ఒప్పుకునే రోజు వస్తుందనుకోలేదు. తప్పు జరిగితే కోర్టు ఉంది. జరగకముందే చేతులు కట్టేయొద్దు.

పానగల్ మాస్టారు, ఆదివారం రాత్రి 8:50

ఆ తీర్పు సంగతి నాకు నిజంగా తెలియదు. బావకు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు.

అయినా ఒక మాట. ఆ ఈజిప్టు మనిషికి లాయరు ఫీజు కట్టే అత్తమామలు డచ్ దేశంలో ఉన్నారు. దేవరకొండలో కూర్చున్నవాడు డచ్ కోర్టుకు ఎలా పోతాడు? కోర్టు ఒకరి గాయానికి కట్టు కడుతుంది. కత్తి ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పాల్సింది సభ. అంబులెన్సుల విషయంలో హైకోర్టు గొప్పగా చేసింది, కాదనను. ఆ ఆర్డరు వచ్చేలోపు ఆగిన బండ్లలో ఉన్నవాళ్ల మాటేమిటి?

సీఐ గారికి ఇంకో సంగతి గుర్తుచేస్తాను. పోలీసులు హద్దు దాటి కలిసి పనిచేయడం ఎప్పుడూ మంచే అన్నట్టు మాట్లాడారు. మన మునగాల పరగణా చరిత్ర మీకు తెలియంది కాదు. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఆ పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా కింద. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. రజాకార్ల కాలంలో మన తాతలకు హద్దు అంటే ఏమిటి? నిజాం పోలీసు కాలు పెట్టకూడని గీత. ఆ గీత దాటితే ఊపిరి పీల్చుకునేవాళ్లు. హద్దు అవతల క్యాంపులు పెట్టుకుని పోరాడారు. అప్పుడు ఇటు పోలీసూ అటు పోలీసూ ఒక ఉమ్మడి జాబితా పెట్టుకుని, "వీడు ముప్పు" అని టిక్కులు పెట్టుకుంటూ ఉంటే? మా తాత పేరు మొదటి పేజీలో ఉండేది.

ఎవరు నేరస్థుడో ఎవరు ఉద్యమకారుడో తేల్చేది రాజకీయమే. అందుకే ఆ నిర్ణయం ఆఫీసర్ల చేతిలో పెట్టకూడదంటున్నాను.

పాత సీఐ, ఆదివారం రాత్రి 9:20

మునగాల హద్దు మీ తాతను కాపాడింది. బందిపోట్లనూ కాపాడింది. ఆ రెండో కథ ఎవరూ పాట కట్టరు.

పోతే, ఉద్యమకారుల విషయం మీరన్నంత అడవి కాదు. ఇంటర్‌పోల్ రాజ్యాంగం మూడో అధికరణం రాజకీయ, సైనిక, మత, జాతి సంబంధ వ్యవహారాల్లో తలదూర్చొద్దని రాసుకుంది. 196 దేశాలు సభ్యులు. తప్పుడు రెడ్ నోటీసు, అంటే మనిషిని వెతికి పట్టుకోమని దేశాలకు పంపే కబురు, పడితే తీయించుకోవడానికి ఒక కమిషన్ కూడా ఉంది. కాగితం మీద ఉన్నదంతా జరుగుతుందని చెప్పను, ముప్పై ఏళ్ల సర్వీసు చేసినవాణ్ణి. కానీ నియమం లేదనడం తప్పు.

గ్రూప్స్ బ్యాచ్, ఆదివారం రాత్రి 9:45

సార్లూ, మన దేశం సంగతేమిటి? మెయిన్స్‌లో అడిగితే ఏం రాయాలి? పార్లమెంటు ఒప్పుకోకుండా ఒప్పందాలు చేసుకోవచ్చా?

నల్లకోటు, ఆదివారం రాత్రి 10:30

చేసుకోవచ్చు. ఒప్పందాలు కుదుర్చుకోవడం రాజ్యాంగం ఏడో షెడ్యూలు మొదటి జాబితాలో, అంటే కేంద్ర జాబితాలో, 14వ అంశం. దాని మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది, చేయలేదు. చట్టం లేనిచోట 73వ అధికరణం కింద ఆ అధికారం కేంద్ర ప్రభుత్వానిది. 253వ అధికరణం ఒప్పందాన్ని అమలు చేసే చట్టం పార్లమెంటు చేయవచ్చంటుంది, ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం కావాలని అనదు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లో ఇచ్చిన నివేదికలో దీని మీద చట్టం తెమ్మంది. నివేదిక అల్మరాలో ఉంది.

ఒక్కచోట మాత్రం పార్లమెంటు తప్పదు, భూమి ఇవ్వాల్సి వస్తే. 1960లో బేరుబారి (పాకిస్తాన్‌కు ఇస్తామని ఒప్పుకున్న బెంగాల్ ప్రాంతం) విషయంలో సుప్రీంకోర్టు, రాజ్యాంగాన్ని సవరించకుండా దేశంలోని భూభాగం ఇవ్వడానికి వీల్లేదంది. బంగ్లాదేశ్‌తో 1974లో చేసుకున్న హద్దుల ఒప్పందం అమలు కావడానికి 2015లో నూరో రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అటు 111, ఇటు 51 చిన్న చిన్న భూభాగాలు మారాయి. మాస్టారి మునగాల లాంటివే అవి, కాకపోతే నూటికి పైగా.

అదే బంగ్లాదేశ్‌తో 2011 జూలైలో బీఎస్‌ఎఫ్, అటువైపు దళం కలిసి హద్దును సమన్వయంతో కాచే ప్రణాళిక మీద సంతకం పెట్టాయి. దానికి ఏ సవరణా అక్కర్లేదు. అంటే గుంట భూమి ఇవ్వాలంటే ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి, మనిషి వివరాలు ఇవ్వాలంటే ఒక జాయింట్ సెక్రటరీ చాలు. పార్లమెంటును నమ్మని నాకే ఇది మింగుడు పడదు, రాసుకో తమ్మీ.

నేరస్థుల అప్పగింత కొంచెం మెరుగు. 1962 చట్టం ఉంది, దాని కింద నోటిఫై చేసే ఆదేశాలు పార్లమెంటు ముందు పెట్టాలి. ముందు పెట్టడమంటే టేబుల్ మీద పెట్టడం. చదివారా లేదా అన్నది వేరే సంగతి.

పాత సీఐ, ఆదివారం రాత్రి 10:48

హోం శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం ఉంది కదా వకీలు సాబ్. 1993 నుంచీ ఆ సంఘాలు పనిచేస్తున్నాయి. పెద్ద పెద్ద ఆఫీసర్లు చెమటలు పట్టి బయటికి రావడం నేను విన్నాను.

నల్లకోటు, ఆదివారం రాత్రి 10:55

చెమట పడుతుంది, నిజమే. సిఫార్సు చేస్తారు, ప్రభుత్వం పాటించాలని లేదు.

రాష్ట్రాల సంగతి ఇంకా ఘోరం. పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది. 2021 అక్టోబర్‌లో ఒక్క నోటిఫికేషన్‌తో పంజాబ్, బెంగాల్, అస్సాంలలో బీఎస్‌ఎఫ్ పరిధి 15 కిలోమీటర్ల నుంచి 50 కిలోమీటర్లకు పెరిగింది. గుజరాత్‌లో 80 నుంచి 50కి తగ్గింది. పంజాబ్ సుప్రీంకోర్టుకు పోయింది. చూశారా, మళ్లీ కోర్టే.

దామరచర్ల వడ్లోడు, సోమవారం ఉదయం 6:05

కోర్టు కోర్టు అంటున్నవు వకీలన్నా. కృష్ణా నీళ్ల కేసు నా పెళ్లికి ముందు నుంచి నడుస్తుంది. నాకిప్పుడు అల్లుడొచ్చిండు.

సాగర్ ముచ్చట్ల అసెంబ్లీ ఏం చేయలేదని నేను అన్న. అది సగమే నిజం. 2024 ఫిబ్రవరి 12న మన అసెంబ్లీల తీర్మానం చేసిన్రు, ప్రాజెక్టులు బోర్డుకు ఇచ్చేది లేదని. తెల్లారి ప్రతిపక్ష పార్టీ నల్లగొండల సభ పెట్టింది. తప్పు నీదంటే నీదని తిట్టుకున్నరు గానీ, ఆ తిట్లల్లనే మాకు అసలు సంగతి తెలిసింది, ఎవరు ఏ మీటింగుల ఏమి ఒప్పుకున్నరో. కోర్టు కాగితం చదివితే నాకు అర్థం కాదు. అసెంబ్లీల కొట్లాడుకుంటే అర్థమైతది.

డెన్‌హాగ్ చలి, సోమవారం మధ్యాహ్నం 12:40

వడ్లోడన్న చెప్పింది చదివి ఆఫీసులో నవ్వాను. నిన్న తమ్ముడికి "ఏమీ చేయలేరు" అన్నాను కదా, అది యూరోపోల్ వరకే. పార్లమెంటు చేతిలో ఇంకో పనిముట్టు ఉంది, డబ్బు.

ఫ్రాంటెక్స్ అని బయటి హద్దు కాసే ఉమ్మడి సంస్థ ఉంది, వార్సాలో. 2005లో సుమారు 60 లక్షల యూరోల బడ్జెట్‌తో మొదలై, 2022 నాటికి 75 కోట్లు దాటింది. గ్రీసు దగ్గర సముద్రంలో శరణార్థుల పడవలను వెనక్కి నెట్టేస్తుంటే ఈ సంస్థ చూసీ చూడనట్టు ఊరుకుందని ఆరోపణలొచ్చాయి. పార్లమెంటు 2021లో ఒక పరిశీలన బృందం వేసింది. మోసాలను విచారించే యూరప్ సంస్థ ఒకటి విడిగా తవ్వింది. 2022 ఏప్రిల్ చివర్లో ఫ్రాంటెక్స్ అధిపతి లెజెరీ రాజీనామా చేశాడు. ఆ అక్టోబర్‌లో పార్లమెంటు, 2020 సంవత్సరపు లెక్కలకు ఆమోదం ఇవ్వం పొమ్మంది. ఊళ్లో గ్రామసభ పెట్టి సర్పంచ్ లెక్కలు మేం ఒప్పుకోం అన్నట్టు.

లెక్క తిరస్కరిస్తే చట్టప్రకారం జీతాలు ఆగవు, జైలూ లేదు. పరువు మాత్రం పోతుంది. అదే లెజెరీ 2024 ఎన్నికల్లో ఫ్రాన్స్ నుంచి గెలిచి, ఆ పార్లమెంటులోనే సభ్యుడయ్యాడు. కొందరి పరువు తొందరగా తిరిగొస్తుంది.

నల్లకోటు, సోమవారం మధ్యాహ్నం 2:10

మేడం, యూరోపోల్ డేటా కథ కూడా చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే చెబుతాను. 2022 జనవరిలో యూరప్ డేటా రక్షణ పర్యవేక్షకుడు, ఏ నేరంతోనూ సంబంధం తేలని మనుషుల సమాచారం ఆరు నెలలకు మించి దాచొద్దు, ఉన్నది తుడిచేయండి అని యూరోపోల్‌ను ఆదేశించాడు. ఆ జూన్‌లోనే కొత్త సవరణ వచ్చింది. పాత డేటా ఉంచుకోవడానికి అందులో దారి పెట్టారు. ఆ సవరణకు ఓటేసింది ఎవరు? మాస్టారు దండం పెడుతున్న పార్లమెంటే, దేశాల ప్రభుత్వాలతో కలిసి.

పానగల్ మాస్టారు, సోమవారం సాయంత్రం 4:30

ఈ దెబ్బ తగిలింది. ఒప్పుకుంటున్నాను.

పార్లమెంటు ముందు సరే అంటే చాలు అని నిన్న పొద్దున రాశాను. అది చాలదు. సరే అనే సభ ఎప్పుడూ సరే అంటుంది, అధికార పక్షానికి మెజారిటీ ఉంటుంది కదా. కానీ ఆ ఓటు రికార్డులో ఉంది చూడండి, ఎవడు అవునన్నాడో ఎవడు కాదన్నాడో. 1985లో పడవ మీద ఎవరు ఏమన్నారో ఎక్కడుంది? వడ్లోడన్న చెప్పింది ఇదే: కొట్లాట బయట జరగాలి.

డెన్మార్క్‌లో పద్ధతి నాకు నచ్చింది. అక్కడ మంత్రి యూరప్ మీటింగుకు పోయే ముందు పార్లమెంటు యూరప్ కమిటీ ముందుకు వచ్చి, నేను ఈ మాట చెప్పబోతున్నాను అని వినిపించాలి. మెజారిటీ వద్దంటే ఆ మాట చెప్పడానికి వీల్లేదు. 1973 నుంచీ నడుస్తోంది.

పాత సీఐ, సోమవారం సాయంత్రం 5:15

డెన్మార్క్ పేరు ఎత్తారు కాబట్టి మిగతాది నేను చెబుతాను. 2015 డిసెంబర్ 3న అక్కడ రెఫరెండం పెట్టారు, పోలీసు, న్యాయ విషయాల్లో యూరప్ చట్టాల్లోకి ఇంకా పోదామా అని. జనం వద్దన్నారు. ఫలితంగా 2017 మే 1న యూరోపోల్‌లోంచి బయటపడ్డారు. అదేరోజు నుంచి విడి ఒప్పందం చేసుకుని పక్క తలుపులోంచి లోపలికి వచ్చారు. ఓటు హక్కు లేదు, సమాచారం మాత్రం అడిగి తీసుకోవాలి. హద్దు అవతలి దొంగ ఓటింగు కోసం ఆగడు మాస్టారూ.

అయినా ఒకటి ఒప్పుకుంటా. తరుముకుంటూ పోయే పని వేరు, పేరు ఎక్కించే పని వేరు. తరిమేటప్పుడు ఎవరూ అడ్డు రావొద్దు. పేరు ఎక్కించడానికి తొందరేముంది? మా స్టేషన్‌లో రౌడీషీట్ తెరవాలంటే పై ఆఫీసర్ ఆర్డరు కావాలి, ఏటా చూసి కొనసాగించాలా వద్దా అని రాయాలి. అక్కడే పాతవి దులపకుండా వదిలేస్తే ముసలోళ్లయినా షీటు నడుస్తూనే ఉండేది. 29 దేశాల షీట్లు దులిపేదెవరో కనీసం ఏటా ఒక సభకు లెక్క చెప్పాలి. పేర్లు వద్దు. ఎన్ని ఎక్కించారు, ఎన్ని తీసేశారు, ఎన్ని తప్పని తేలాయి. అంతవరకు నేను మాస్టారి పక్షం.

నల్లకోటు, సోమవారం సాయంత్రం 5:30

సీఐ గారు రౌడీషీటు తప్పని ఒప్పుకున్న తేదీ, సమయం నోట్ చేసుకున్నాను. కోర్టులో పనికొస్తుంది.

గ్రూప్స్ బ్యాచ్, సోమవారం రాత్రి 9:00

నాకు ఆన్సర్ కంటే ప్రశ్నలే ఎక్కువయ్యాయి. ఏ పక్షం రాయను?

దామరచర్ల వడ్లోడు, సోమవారం రాత్రి 9:12

పేపర్ దిద్దేటోడు ఏ ఊరోడో చూసి రాయి తమ్మీ.

డెన్‌హాగ్ చలి, సోమవారం రాత్రి 11:20

మాస్టారూ, పనికొచ్చే మాట ఒకటి. షెంగెన్ జాబితాలో మన పేరు ఉందా అని ఏ సభ్య దేశాన్నైనా అడగొచ్చు, ఇండియాలో కూర్చున్నవాళ్లు కూడా. పాస్‌పోర్టు కాపీతో దరఖాస్తు పంపాలి. ఇంకో సంగతి, 2025 అక్టోబర్ 12 నుంచి ఇక్కడ హద్దుల దగ్గర బయటి దేశాలవాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం మొదలైంది. పాత చిక్కు ఉంటే ఇప్పుడే విప్పుకోవడం మేలు. బావగారి వివరాలు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. డచ్‌లో నింపాల్సింది నేను నింపుతాను.

పానగల్ మాస్టారు, మంగళవారం ఉదయం 6:45

బిడ్డా, నీకు దండం. రాత్రి దేవరకొండ పోయి బావతో కూర్చున్నాను. "ఇప్పుడెందుకు లేవోయ్, మనవరాలికి ఆరేళ్లొచ్చినయ్, సంక్రాంతికి అదే వస్తుందట" అన్నాడు. పొద్దున నేను లేచేసరికి మాత్రం పాస్‌పోర్టు, ఆ పాత టిక్కు కాగితం రెండూ జిరాక్స్ తీయించి టీ పక్కన పెట్టాడు. కాగితాన్ని ఆరేళ్లుగా ప్లాస్టిక్ కవర్‌లో దాచుకున్నాడట. మధ్యాహ్నానికి పంపిస్తాను.